నచ్చని పెళ్లికి సాక్ష్యం

ఇమిగ్రేషన్ లాయర్ అంటే ఫారాలు నింపే మనిషి అని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. ఫారాలు ఎవరైనా నింపుకోవచ్చు, చదవడం వస్తే చాలు. రిటైరయ్యేదాకా నేను చేసిన పని వేరు. ఒక మొగుడూ పెళ్లాం నిజంగా మొగుడూ పెళ్లాలేనని, వాళ్ల ముఖం అంతకుముందు చూడని ఒక అధికారికి రుజువు చేయడం నా పని.

ఈ వృత్తిలోకి వస్తున్న తెలుగు పిల్లలు ఈ మధ్య ఫోన్ చేస్తున్నారు. "ఆంటీ, కేసులు ట్రాక్ చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడేవారు?" అని అడుగుతున్నారు. నేను ఎక్కువగా వాడింది చెవులు. ఆ తర్వాత నోరు. మిగతావన్నీ నా దగ్గర పనిచేసినవాళ్లు వాడారు. కాబట్టి ఆ పిల్లలకు పనికొచ్చేదేదో ఇక్కడ రాస్తున్నాను.

అడగాల్సిన ఒకే ప్రశ్న

గుంటూరులో చదువుకునే రోజుల్లో ప్రతి ఆదివారం ఒక చర్చా వేదికకు వెళ్లేదాన్ని. జాతకాల మీద, దయ్యాల మీద, కులాంతర వివాహాల మీద గొంతులు పోయేలా వాదించుకునేవాళ్లం. ఎదుటివాడు "పెద్దలు చెప్పారు" అంటే, "ఏ పెద్దలు? ఎవరికి చెప్పారు? ఆధారం ఏమిటి?" అని అడగడం అక్కడే అలవాటైంది. తర్వాత అమెరికా వచ్చి లా స్కూల్లో చదివింది దానికి కొనసాగింపే. అందుకే ఈ పని నాకు మొదటి రోజు నుంచీ సొంత ఇంట్లో తిరుగుతున్నట్టే ఉండేది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడి పౌరురాలిని కొత్తగా పెళ్లి చేసుకున్నవాడికి ముందు రెండేళ్ల గ్రీన్ కార్డ్ ఇస్తారు. ఆ గడువు ముగిసేముందు ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. మేము చేసుకున్నది కాగితం కోసం చేసుకున్న పెళ్లి కాదు, కలిసి బతకడానికి చేసుకున్న పెళ్లి అని చూపించాలి. అధికారి నమ్మితే పదేళ్ల కార్డ్. నమ్మకపోతే ఇమిగ్రేషన్ కోర్టు, ఆ తర్వాత విమానం.

ఇది అన్యాయమని చాలామంది నాతో వాదించారు. నేను ఒప్పుకోను. మన దగ్గర పెళ్లంటే కులం అడుగుతారు, గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు, జీతం అడుగుతారు. మీరిద్దరూ కలిసి బతకాలనుకుంటున్నారా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ అధికారి అడిగేది అదొక్కటే. అడిగే తీరు కటువుగా ఉండొచ్చు. ప్రశ్న మాత్రం సరైనది.

హెలెన్ పద్ధతి

నా మొదటి బాస్ హెలెన్ కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో చిన్న ఆఫీసు నడిపేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పెళ్లి కేసు వస్తే ఆల్బమ్ తెరిచేది కాదు. ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, "మీ ఇద్దరికీ ఎప్పటికీ తెగని గొడవ ఏమిటి?" అని అడిగేది.

ఒక జంట వచ్చింది. టూత్‌బ్రష్ రంగు నుంచి పిన్ని కూతురి పేరు దాకా ఇద్దరికీ అన్నీ తెలుసు. గొడవ గురించి అడిగితే, "మా మధ్య గొడవలే లేవు" అని ఇద్దరూ ఒకే నవ్వు నవ్వారు. వాళ్లు వెళ్లాక హెలెన్ నాతో, "ఈ కేసు మనం తీసుకోవడం లేదు" అంది.

ఆ వెంటనే ఇంకో జంట. భర్త, "ఆవిడ ఇంట్లో హీటర్ ఎప్పుడూ పెంచుతుంది, నేను ఉడికిపోతాను" అన్నాడు. పక్క గదిలో భార్య, "ఆయన హీటర్ తగ్గించేసి, ఇంట్లో కూడా జాకెట్ వేసుకుని త్యాగమూర్తిలా తిరుగుతాడు" అంది. హెలెన్ పకపకా నవ్వింది. "వీళ్లకి పెళ్లయింది. జవాబులు కలుస్తున్నాయా అని చూడకు. ఎక్కడ తేడా వస్తోందో ఆ చోటు ఇద్దరికీ ఒకటేనా కాదా, అది చూడు" అని నాకు చెప్పింది.

ఇంతకంటే మంచి పాఠం నాకు లా స్కూల్లో దొరకలేదు.

మూఢంలో పోస్టు చేయని మనిషి

మనవాళ్లు మాత్రమే చేయగల పొరపాట్లు కొన్ని ఉన్నాయి. శాన్ రామన్‌లో సొంతంగా ఆఫీసు పెట్టాక ఒకాయన వచ్చాడు. చిప్‌లు డిజైన్ చేసే ఇంజనీరు. అర్జీ తయారైంది, సంతకాలు అయ్యాయి, తనే పోస్టు చేస్తానని కవరు తీసుకెళ్లాడు. గడువు దాటాక ఫోన్ చేస్తే తెలిసింది, కవరు ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

"ఎందుకు పంపలేదయ్యా?"

"మూఢం కదండీ. మా అత్తగారు ఇండియాలో పంతులుగారిని అడిగారు. మంచి పని మూఢంలో వద్దన్నారు. జస్ట్ సేఫ్ సైడ్."

శుక్రుడు సూర్యుడికి దగ్గరగా ఉండటం వల్ల ఆలస్యమైందని నేను ఏ అధికారికని సంజాయిషీ రాయను? ఆ సేఫ్ సైడ్‌లోంచి అతన్ని బయటికి లాగడానికి నేను చాలా శ్రమపడ్డాను. చివరికి బయటపడ్డాడు. మూఢం వెళ్లిపోయింది కాబట్టే బయటపడ్డాడని వాళ్ల అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారట. చదువుకూ ఆలోచనకూ సంబంధం ఉండి తీరాలని లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు అది ముందే తెలుసుకుంటే మంచిది.

ఇంట్లోంచి తీసేసిన భార్య

ఇక అసలు కేసు. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

సుధీర్‌ది ఒంగోలు. మా శాన్ రామన్ పక్కనే ఉన్న డబ్లిన్ ఊళ్లో అపార్ట్‌మెంట్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య పేరు పిమ్. థాయ్‌లాండ్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లితో వచ్చి ఇక్కడి పౌరురాలైంది. ఒక డెంటల్ క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసే హైజీనిస్ట్. తల్లి హేవర్డ్‌లో ఒక థాయ్ హోటల్లో వంట చేస్తుంది. కౌంటీ ఆఫీసులో పెళ్లి చేసుకుని, తర్వాత ఆ తల్లి ఇంట్లో వాళ్ల పద్ధతిలో జరుపుకున్నారు. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి శంఖంతో ఇద్దరి చేతుల మీదా నీళ్లు పోశారు, మణికట్లకు తెల్ల నూలు దారం కట్టారు. ఫోటోలు చక్కగా ఉన్నాయి. అబ్బాయి తరఫువాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

లేకపోవడానికి కారణం, సుధీర్ తన పెళ్లి సంగతి తల్లికి చెప్పలేదు. ఆవిడ రాజ్యలక్ష్మిగారు. హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయారు. చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చిపోతుంటారు. సుధీర్ పెళ్లయిన ఏడాదే, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉంటానని డబ్లిన్ వచ్చారు.

అప్పుడు ఈ మహానుభావుడు ఏం చేశాడంటే, ప్రోగ్రామ్‌లోంచి తప్పులు ఏరేసినంత శ్రద్ధగా ఇంట్లోంచి భార్యను ఏరేశాడు. బట్టలు, చెప్పులు, ఫ్రిజ్‌లో ఫిష్ సాస్ సీసా అన్నీ సర్ది పిమ్‌ను హేవర్డ్ పంపాడు. అమ్మ రోజూ వాకింగ్ నుంచి వస్తూ మెయిల్‌బాక్స్ చూస్తుంది కాబట్టి, భార్య పేరుతో ఒక్క ఉత్తరమూ రాకూడదని ఆమె డ్రైవింగ్ లైసెన్స్, కార్ ఇన్సూరెన్స్, జీతం కాగితాలు అన్నిటికీ హేవర్డ్ అడ్రస్ పెట్టించాడు. ఆ మధ్యలోనే ఇంటి లీజు రెన్యూ చేయాల్సి వస్తే ఒక్కడే సంతకం పెట్టాడు. తల్లి నేపర్‌విల్ వెళ్లిపోయాక పిమ్ తిరిగి వచ్చింది. కాగితాలు మాత్రం, పెళ్లయిన ఏడాదికే ఈ అమ్మాయి మొగుణ్ణి వదిలేసి వెళ్లిందని చెబుతున్నాయి.

పదేళ్ల కార్డ్ కోసం వాళ్లు పెట్టిన అర్జీకి జవాబుగా ఇంటర్వ్యూకి రమ్మని నోటీసు వచ్చింది. అది పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"ఆంటీ, సింపుల్" అన్నాడు సుధీర్. "వాళ్ల మదర్‌కి హెల్త్ బాలేదు, చూసుకోవడానికి వెళ్లిందని చెప్పేద్దాం. హూ విల్ చెక్?"

"మా అమ్మకి ఏ జబ్బూ లేదు" అంది పిమ్ ఇంగ్లిష్‌లో. "బియ్యం బస్తా నీకంటే తేలిగ్గా ఎత్తుతుంది."

"జస్ట్ పేపర్ మీద, బేబీ."

"నేను ఇంట్లోంచి వెళ్లిపోయింది కూడా పేపర్ మీదేగా?"

సుధీర్ నా వంక చూశాడు. "ప్రమాణం చేసి అబద్ధం చెబితే, నిజమైన కాపురం కూడా దొంగ కాపురం అయిపోతుంది. ఆ అబద్ధం చెప్పేట్టయితే నీ పక్కన నేను కూర్చోను" అన్నాను.

తర్వాత హెలెన్ పద్ధతి. వేరువేరుగా కూర్చోబెట్టి తెగని గొడవేమిటని అడిగాను. సుధీర్, "మా అమ్మ. పిమ్‌కి పేషన్స్ లేదు" అన్నాడు. పిమ్, "వాళ్లమ్మ. సుధీర్‌కి ధైర్యం లేదు" అంది. వీళ్లకి పెళ్లయిందని నాకు అక్కడే రూఢి అయింది.

అప్పుడు పిమ్ ఒక సంగతి చెప్పింది. తల్లికి పన్ను నొప్పి వస్తే సుధీర్ ఆవిడను పిమ్ పనిచేసే క్లినిక్‌కే తీసుకెళ్లాడు. "ఫ్రెండ్" అని పరిచయం చేశాడు. పిమ్ పళ్లు శుభ్రం చేసి, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆవిడకు ఈ పిల్ల బాగా నచ్చింది. అప్పటినుంచి శనివారం వస్తే, "ఆ పళ్ల పిల్లని భోజనానికి పిలవరా" అనేవారట.

"నేను అతిథిలా వెళ్లేదాన్ని" అంది పిమ్. "నా వంటింట్లో మంచినీళ్ల గ్లాసులు ఎక్కడున్నాయని నేనే అడగాల్సి వచ్చేది. ఒకరోజు ఆవిడ నా గడ్డం పట్టుకుని సుధీర్‌తో ఒక మాట అన్నారు."

ఆ మాట పిమ్ తెలుగులోనే చెప్పింది. "'మనవాళ్లలో పుట్టుంటే బాగుండేదిరా.' తెలుగులో నాకు పూర్తిగా అర్థమైన మొదటి వాక్యం అదే, ఆంటీ."

"అప్పుడు సుధీర్ ఏం చేశాడు?"

"నవ్వాడు. సాంబార్ వేసుకున్నాడు."

ఆ తర్వాత పిమ్, "ఆవిడ మళ్లీ వస్తారట. ఈసారి నేను సూట్‌కేస్ సర్దను. సర్దితే తిరిగి రాను" అంది.

అంటే ప్రమాదంలో ఉన్నది కార్డ్ ఒక్కటే కాదు. అధికారి నమ్మకపోతే సుధీర్ ఈ దేశంలో ఉండలేడు. తల్లికి చెప్పకపోతే పిమ్ అతనితో ఉండదు.

"మనవాళ్లు" అన్న మాట గురించి ఇక్కడ రెండు వాక్యాలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మనిషి నచ్చింది, చేతి స్పర్శ నచ్చింది, మాట నచ్చింది. పుట్టుక ఒక్కటే నచ్చలేదు. చూసినదాన్నంతా పక్కన పెట్టి, ఎన్నడూ చూడనిదాన్ని నమ్మమనేదే కులం. మూఢనమ్మకాలన్నిటిలోనూ ఖరీదైనది అదే. సముద్రాలు దాటినా అది మనతోనే దిగుతుంది, ఏ కస్టమ్స్ వాళ్లూ దాన్ని ఆపరు.

మోసపోయినవాళ్ల మాట

కేసు సంగతి ఆలోచిస్తే, సుధీర్ భార్యను దాచాడన్నది నిజం. దాన్ని రుజువు చేయగలిగేది ఎవరు? దాచినవాడు చెబితే కట్టుకథ అంటారు. ఎవరి నుంచి దాచాడో వాళ్లు చెప్పాలి.

"అమ్మకి బీపీ, ఆంటీ" అన్నాడు సుధీర్.

"బీపీకి మాత్ర ఉంది. డిపోర్టేషన్‌కి లేదు. ఫోన్ చెయ్యి."

నా ఎదురుగానే, పిమ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేశాడు. చెప్పడం రాక చాలాసేపు నేపర్‌విల్ చలి గురించి మాట్లాడాడు. పిమ్ అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది. అప్పుడు చెప్పాడు. అటువైపు టీవీ చప్పుడు ఆగిపోయింది.

"నేను నీకాడికి వచ్చేసరికే అయిందా?"

"అయిందమ్మా."

"మరి ఆ పళ్ల పిల్ల..."

"తనేనమ్మా."

ఫోన్ కట్ అయింది.

కొన్నాళ్లు ఆవిడ కొడుకు ఫోన్ ఎత్తలేదు. ఇంటర్వ్యూ దగ్గరపడుతుండగా నాకే ఫోన్ చేశారు.

"ఏందమ్మా లాయరుగారూ, అబద్ధం ఆడింది వాడు. నిజం చెప్పాల్సింది నేనా?"

"అవునండీ. మోసం చేసినవాడి మాట ఎవరూ నమ్మరు. మోసపోయినవాళ్ల మాట నమ్ముతారు."

"నాకీ పెళ్లి ఇష్టం లేదు. వాడి కోసం ఇష్టమని చెప్పమంటే నా వల్ల కాదు."

"నేను చెప్పమనడం లేదు. మీరు సైన్సు టీచరు. ప్రయోగం ఫలితం నచ్చలేదని పిల్లలు వేరే రాస్తే ఊరుకునేవారా?"

"వేళ్లు విరగ్గొట్టేదాన్ని."

"నేనడిగేదీ అంతే. మీరు చూసింది చెప్పండి. నచ్చిందా లేదా అన్నది మీ ఇష్టం."

తర్వాత, "ఆ పిల్ల ఆ ఆర్నెల్లూ యాడ పడుకుంది?" అన్నారు.

"వాళ్లమ్మ ఇంట్లో. హాల్లో సోఫా మీద."

"మరి నేను పడుకున్న మంచం ఎవరిది?"

"ఆ పిల్లదేనండీ" అన్నాను.

"టికెట్ బుక్ చేయమను వాణ్ణి" అన్నారు.

ఆ గదిలో

శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంటర్వ్యూ. అధికారి నడివయసు స్త్రీ, అనవసరంగా నవ్వని మనిషి. నాకు అలాంటివాళ్లంటే ఇష్టం. నవ్వేవాళ్లు ఏమనుకుంటున్నారో తెలియదు.

సుధీర్ ప్రమాణం చేసి, తడబడుతూనే అయినా, ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ వస్తోందని భయపడి భార్యను పంపేశానన్నాడు. అధికారి, "పెళ్లయినవాళ్లు విడివిడిగా ఉన్నారంటే వినడానికి ఇది చాలా అనువైన కారణం" అంది. పిమ్‌ను అడిగింది. పిమ్ కూడా అదే చెప్పింది, సుధీర్‌ను ఒక్క మాటలో కూడా వెనకేసుకురాలేదు. తర్వాత బయట కూర్చున్న రాజ్యలక్ష్మిగారిని పిలిచారు. మా ఆఫీసుతో సంబంధం లేని ఒక తెలుగు అనువాదకుడు ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఎప్పుడు వచ్చారు, ఎన్నాళ్లున్నారు, ఈమెను ఎవరని పరిచయం చేశారు, నిజం ఎప్పుడు తెలిసింది అని అధికారి అడిగింది. ఆవిడ ఒక్కోదానికీ తూచినట్టు జవాబు చెప్పారు. అప్పుడు అధికారి పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"ఈ పెళ్లి మీకు సమ్మతమేనా?"

సుధీర్ కళ్లు మూసుకున్నాడు. ఇలాంటిచోట అడ్డుపడాలని కొత్త లాయర్ల చెయ్యి లేస్తుంది. లేవనివ్వకండి. సాక్షి నిజం చెప్పే మనిషైతే దారి వదిలేయాలి.

"లేదు" అన్నారు రాజ్యలక్ష్మిగారు. "నాతో అబద్ధం ఆడినందుకు ఇష్టం లేదు. మావాళ్ల పిల్ల కాదనీ ఇష్టం లేదు, దాచడం ఎందుకు. కానీ మీరు తేల్చుకోవాల్సింది నా ఇష్టం కాదు గదా, పెళ్లి నిజమా కాదా అనేది. నాకు భయపడి వాడు ఈ పిల్లని ఇంట్లోంచి పంపించాడు. ఉత్తుత్తి పెళ్లామైతే నా దగ్గరెందుకు దాస్తాడు? స్నేహితురాలని ఎట్టాగూ చెప్పాడు, పక్కగదిలో అద్దెకుంటోందని చెప్పుంటే సరిపోయేది. నిజమైన పెళ్లాం కాబట్టే, నా కళ్లబడితే తెలిసిపోద్దని దాచాడు."

అనువాదకుడు చెప్పడం పూర్తిచేశాడు. అధికారి పెన్ను తీసుకుని కొంతసేపు రాసుకుంది. "నా దగ్గర ఇంక ప్రశ్నలు లేవు" అంది. పదేళ్ల కార్డ్ తర్వాత పోస్టులో వచ్చింది.

గుంటూరు చర్చా వేదికలో గానీ ఇక్కడి కోర్టుల్లో గానీ ఇంత శుభ్రమైన తర్కం నేను వినలేదు. మనసు ఒప్పుకోని నిజాన్ని ప్రమాణం చేసి పలకడం కంటే పెద్ద హేతువాదం ఏముంది? కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ కక్షిదారు గురించి మంచి మాటలు చెప్పేవాళ్లను వెతక్కండి, వాళ్లు బోలెడు మంది దొరుకుతారు. మంచి మాట చెప్పడానికి ఏ కారణమూ లేనివాళ్లను వెతకండి.

బయట పార్కింగ్‌లో సుధీర్ తల్లి కాళ్లకు దండం పెట్టబోయాడు. ఆవిడ పక్కకు జరిగారు.

పిమ్ తెలుగులో, ఒక్కో మాట కూడబలుక్కుని అడిగింది. "ఇష్టం లేదు అన్నారు."

"అన్నాను. ప్రమాణం చేసి అబద్ధం చెప్పమంటావా?"

"వద్దు."

"ఇష్టం సంగతి తర్వాత చూద్దాం. ముందు వీణ్ణి తిట్టాల్సింది చాలా ఉంది. నీక్కూడా ఉంటది గదా?"

"చాలా" అంది పిమ్.

"అయితే కారు నువ్వు నడుపు. వీణ్ణి వెనక కూర్చోబెట్టు."

సుధీర్ నోరెత్తకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. కారు నా పక్కనుంచి వెళ్తుంటే అద్దంలోంచి చూశాను. ముందు సీట్లలో ఇద్దరి నోళ్లూ ఒకేసారి కదులుతున్నాయి.